చెవి మీది పెన్సిలు

ఏమండీ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. వంట చేసి మూతపెట్టాను, వేడి చేసుకుని తినండి. దగ్గు మందు చెంచాతో తాగండి, సీసా ఎత్తి పట్టకండి.

పాప రంగు పెన్సిళ్లు కొరకొద్దు. మీ వడ్రంగం పెన్సిళ్లన్నీ పిప్పి చేసి ఇప్పుడు వాటి మీద పడ్డారు. బళ్లో అడిగితే "మా నాన్న తినేశాడు" అని చెప్పిందట. సాయంత్రం కొత్తవి తెండి.

నిన్న కూర చల్లారిందని ఇల్లెగిరిపోయేలా అరిచారు. సిగరెట్ మానేసిన చిరాకని తెలుసు కాబట్టి ఊరుకున్నాను. రోజూ ఊరుకుంటానని మాత్రం అనుకోకండి.

మొన్న పని దగ్గర చెవి మీది పెన్సిలు తీసి, నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీశారట కదా. అదీ రంపపు పొట్టు మధ్యలో! మీ మేస్త్రి చెబితే పడీ పడీ నవ్వాను. ఆ తర్వాత ఏడుపొచ్చింది. చెయ్యి ఇంకా సిగరెట్ కోసమే వెతుకుతున్నా మీరు లొంగట్లేదు. మా ఇద్దరి కోసం ఎంత అవస్థ పడుతున్నారో నాకు తెలుసండీ. రాత్రిళ్లు మీ దగ్గు తగ్గింది. పాప మళ్లీ మీ పక్కనే పడుకుంటోంది.

అన్నట్టు, మీ చొక్కాతోపాటు జేబులో పెన్సిలు కూడా ఉతికేశాను, తిట్టకండి. ఇన్నాళ్లూ సిగరెట్లు ఉన్నాయేమోనని జేబులు వెతికాకే నీళ్లలో వేసేదాన్ని. ఇవాళ వెతకాలనిపించలేదు.