ఆగస్టు ఇరవై ఎనిమిదిన వచ్చే కోపం

కోబర్గ్, మెల్‌బోర్న్
2 ఆగస్టు 1993

కాఫీ మిషన్ల షాపు ఓనరు ఎవరిస్తో పెల్లికానో గారికి,

నమస్కారం. నా పేరు ఇమ్మకొలాతా స్కోర్దో. నేను చాలా ముసలిదాన్ని. అరవై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఈ ఉత్తరం ఎవరో చిన్నపిల్ల రాసిందని మీరు అనుకోకూడదు కదా, అందుకు.

ఇటాలియన్ పేపర్లో మీ యాడ్ చూశాను. "మిషన్ ఎంచుకోవడం పెళ్ళి సంబంధం చూసుకోవడం లాంటిది. ముందు ఉత్తరం రాయండి. నేనే స్వయంగా జవాబిస్తాను" అని వేశారు. అందుకే రాస్తున్నా.

విషయం ఏంటంటే, మా ఇంట్లో ఒక మోకా ఉండేది. పొయ్యి మీద పెట్టి కాఫీ కాచుకునే పాత అల్యూమినియం కుండ. ఇటలీలోని కలాబ్రియా నుంచి ఓడలో నాతోపాటే వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా దానికి సబ్బు తగల్లేదు. ఉట్టి నీళ్ళతో కడగడమే. లోపల నల్లగా పట్టిన కాఫీ పొరే దాని ప్రాణం అని మా నోన్నా, అంటే నేను, రోజూ మనవళ్ళకి చెప్తూ ఉంటుంది. ఉంటాను.

పోయిన వారం మనవరాలు ఒకామె, మంచి పిల్లే, సాయం చేద్దామనుకుని దాన్ని డిష్‌వాషర్‌లో పెట్టింది. బయటికి తీస్తే చచ్చిన చేప రంగులో ఉంది. ముట్టుకుంటే చేతికి బూడిద అంటుతోంది.

మీకు రెండు ప్రశ్నలు. ఒకటి, ఇంట్లోనే ఎస్ప్రెస్సో, కపుచీనో రెండూ చేసే మిషన్లలో, పాత మోకా సంగతి మర్చిపోయేలా చేసేది ఏది? రెండు, ఇలాంటప్పుడు నాలాంటి వాళ్ళకి కోపం ఎంత వస్తుంది? ఎన్నాళ్ళుంటుంది?

మిషన్ ఆగస్టు 28లోపు కావాలి. నాకు కోపం ఆ రోజు వస్తుంది. పొద్దున తొమ్మిదింటికి, ఇటలీ ఫ్లైట్‌లో.

ఇట్లు,
బాగా వృద్ధురాలు
ఇమ్మకొలాతా స్కోర్దో

తా.క. జవాబు ఇంటికి పంపకండి. నా మనవరాలు లోరెడానా పేరున వాళ్ళ స్కూల్ లైబ్రరీకి పంపండి. నేను ఎక్కువగా అక్కడే ఉంటాను.


సిడ్నీ రోడ్, బ్రన్స్‌విక్
5 ఆగస్టు

మహా గౌరవనీయులైన సిన్యోరా ఇమ్మకొలాతా గారికి, ఎవరిస్తో పెల్లికానో టోపీ తీసి చేస్తున్న నమస్కారాలు.

అమ్మా, మీ ఉత్తరం చదివి పావుగంట షాపు మూసేశాను. డిష్‌వాషర్! ఆ మాట మా చెల్లెలికి చెప్తే శిలువ గుర్తు వేసుకుంది.

ముందు రెండో ప్రశ్నకి జవాబు. ఈ కోపానికి కొలతల్లేవు. మా ఊళ్ళో ఒకడు, పెళ్ళాం మోకాని సబ్బుతో తోమిందని పదకొండేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. పన్నెండో ఏడు పోయాడు, లేకపోతే ఇంకా మాట్లాడేవాడు కాదు. మీరేమో కోపానికి తారీఖు పెట్టుకుని, విమానంలో రప్పించుకుంటున్నారు! ఎంత నిగ్రహం! ఎంత కవిత్వం! ఆ పిల్ల పేరు మాత్రం నాకు పంపండి. షాపుకొచ్చే ప్రతి ఒక్కరికీ చెప్పి బుద్ధొచ్చేలా చేస్తాను.

ఇక మిషన్లు. మూడు రకాలు. లివరుది, చేత్తో కిందికి లాగాలి, మగతనం ఉన్న మిషన్. మీట నొక్కేది, పంపు దానంతటదే పనిచేస్తుంది, బద్ధకస్తులకి. మూడోది ఆవిరితో నడిచేది. అది మిషన్ కాదు, కోపమొచ్చిన కెటిల్. ఆస్ట్రేలియా వాళ్ళొస్తే అదే చూపిస్తాను, సంతోషంగా కొనుక్కుపోతారు.

అర్హత లేనివాళ్ళకి నేను అమ్మను. కాబట్టి చెప్పండి. రోజుకి ఎన్ని కప్పులు? ఎవరు నడుపుతారు? కపుచీనో ఏ వేళకి?

మీ సేవలో,
ఎవరిస్తో పెల్లికానో

తా.క. ఈ వయసులో లైబ్రరీలో కాలక్షేపమా! మా చెల్లెలు గోడ మీద క్యాలెండర్ కూడా చదవదు.


కోబర్గ్
9 ఆగస్టు

పెల్లికానో గారికి నమస్కారం.

పదకొండేళ్ళా? నిజంగానా? ఆయనకి వేరే జబ్బేమైనా ఉండేదేమో కనుక్కోండి ప్లీజ్.

ఆ పిల్ల పేరు పంపను. లోరెడానా కాదు. నాకు మనవరాళ్ళు చాలామంది. అయినా ఆ పిల్ల అంత చెడ్డదేం కాదు. వ్యాసరచనలో ఫస్ట్ వస్తుంది. ఆ రోజు నుంచి సరిగ్గా అన్నం కూడా తినట్లేదు, పాపం, నాకు బాగా తెలుసు.

మీ ప్రశ్నలకి జవాబులు. ఎస్ప్రెస్సోలు రోజుకి ఆరు. కపుచీనో ఒకటే, సాయంత్రం నాలుగింటికి, స్కూల్ నుంచి రాగానే, పెద్ద కప్పులో, నురగ మీద చాక్లెట్ పొడి చల్లుకుని. స్కూల్ అంటే ముసలివాళ్ళ స్కూల్. అలాంటివి ఉంటాయి. గురువారం లెక్కల పరీక్ష ఉంది, అందుకే ఉత్తరం చిన్నది.

నాకు మీట నొక్కేది చాలనిపిస్తోంది. బద్ధకానికి కాదు. చేతులు వణుకుతున్నాయి.

ఇట్లు,
ముసలితనంతో
ఇ. స్కోర్దో

తా.క. మిషన్ ఎవరు నడుపుతారంటే నేనే. మా నాన్నకి తెలిస్తే చంపేస్తాడు. నాన్న అంటే మా అబ్బాయి. ముద్దుగా అలా పిలుస్తాను.


సిడ్నీ రోడ్
12 ఆగస్టు

సిన్యోరా ఇమ్మకొలాతా గారికి,

సాయంత్రం నాలుగింటికి కపుచీనో!

చదవగానే స్టూలు మీద కూలబడ్డాను. మా చెల్లెలు మంచినీళ్ళు తెచ్చింది. పొద్దున పదకొండు దాటాక పాలు కలిపిన కాఫీ! పసిపిల్లలు తాగుతారు, టూరిస్టులు తాగుతారు. కలాబ్రియాలో పుట్టిన ఆడది తాగుతుందా? తాగినా, ఇంకొకరికి చెప్పుకుంటుందా?

రెండు రాత్రులు ఆలోచించాక నాకు అర్థమైంది. ఇంట్లో "ఇమ్మకొలాతా, కప్పు కింద పెట్టు!" అని అరిచే మగమనిషి లేడు. ఉంటే ఇంత దూరం రానిచ్చేవాడా? అమ్మా, మీరు నాకు చెప్పింది కాఫీ టైం కాదు. మీ ఒంటరితనం.

నేనూ ఒంటరినే. మా ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు. మా చెల్లెలు ఉంది కానీ, ఆవిడ ఉన్నా ఒంటరే.

మీకు మీట నొక్కేది సరిపడదు. లివరుదే. ఒకరు లాగాలి, ఒకరు కప్పు పట్టుకోవాలి. నేనే తెచ్చి, మీ వంటింట్లో పెట్టి, చేసి చూపిస్తాను. మీ అబ్బాయి చంపేస్తానంటే నాతో మాట్లాడమనండి. అరవై తొమ్మిదేళ్ళ తల్లి కాఫీ తాగితే చంపుతాడా వాడు?

మీ,
ఎవరిస్తో

తా.క. మూడు తప్ప పళ్ళన్నీ నావే. ఆ మూడూ వెనకవి.


కోబర్గ్
16 ఆగస్టు

పెల్లికానో గారూ,

మీరు రాకండి. అస్సలు రాకండి. డబ్బు నేనే తెచ్చిస్తాను, మిషన్ నేనే బస్సులో తీసుకెళ్తాను.

నేను మీరనుకునేంత మంచిదాన్ని కాదు. నాకు మీసాలున్నాయి. ఈస్టర్‌కి చర్చిలో ఫాదర్‌తో పోట్లాడితే ఆయన ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నారు. పక్కింటి కుక్క నన్ను చూస్తే కారు కింద దూరుతుంది. ఏటా టొమాటో సాస్ పట్టే రోజు గరిటెతో ఎవరినో ఒకరిని కొడతాను, ఆ సంవత్సరం ఎవరి వంతో ముందు చెప్పను. పెళ్ళిళ్ళకి వెళ్తే వధువు చెవిలో "ఇప్పుడైనా ఆలోచించుకో" అంటాను. ఒక్కొక్కరు నిజంగానే ఆలోచించుకున్నారు.

ఇవన్నీ అబద్ధాలు కావు. ఇంట్లో ఎవరినైనా అడగండి. వద్దు, అడక్కండి.

ఇట్లు,
భయంకరమైన
ఇ. స్కోర్దో

తా.క. నిద్రలో కూడా తిడతాను. గోడ అవతలికి వినిపిస్తుంది. నా గది ఆ గోడ అవతలే.


సిడ్నీ రోడ్
19 ఆగస్టు

నా ఇమ్మకొలాతాకి,

నలభై ఏళ్ళుగా ఈ షాపులో ఆడవాళ్ళని చూస్తున్నాను. అందరూ తాము ఎంత మంచివాళ్ళో చెప్తారు. తన మీసాల గురించి తానే రాసిన స్త్రీని మొదటిసారి చూస్తున్నాను. పోయిన మా ఆవిడ కూడా నిద్రలో తిట్టేది. ఆమె పోయాక ఆ నిశ్శబ్దానికి నాకు నిద్ర పట్టడం లేదు.

28వ తారీఖు శనివారం, మధ్యాహ్నం పన్నెండుకి వస్తున్నాను. కోపం తొమ్మిదింటికి దిగుతుందన్నారు కదా, అది వేడిగా ఉండగానే నేనుంటాను. ఫోన్ బుక్కులో అడ్రస్ దొరికింది, కోబర్గ్‌లో స్కోర్దోలు ఒక్కరే. లివరు మిషన్ నా బహుమతి. నీలం సూటు ఇస్త్రీకిచ్చాను.

ఇక నీ,
ఎవరిస్తో

తా.క. మా చెల్లెలు పెళ్ళికి పంచే పంచదార బాదంపప్పులు కొంటోంది. ఎంతమందికని అడుగుతోంది. నూట ఇరవై అన్నాను.


కోబర్గ్
26 ఆగస్టు
అర్జెంట్

పెల్లికానో గారికి,

నా పేరు లోరెడానా. నాకు పదిహేనేళ్ళు. మీసాలు లేవు.

ఇమ్మకొలాతా మా నోన్నా. మా నాన్నకి అమ్మ. తన చెల్లెలి మోకాలి ఆపరేషన్‌కని మూడు నెలల క్రితం కలాబ్రియా వెళ్ళింది. శనివారం పొద్దున దిగుతుంది. ఆమెకి మీరెవరో తెలీదు. మోకా పోయిందనీ తెలీదు. దాన్ని గరాజ్‌లో సాస్ సీసాల వెనక దాచాను. మా నాన్న అడిగితే పాలిష్‌కిచ్చానని చెప్పాను. ఆమె రాకముందే మంచి మిషన్ కొనిపెడితే అరిచే టైం తగ్గుతుందేమో అనుకున్నా, అంతే. పెద్దవాళ్ళ పేరుతో రాస్తేనే జవాబిస్తారనుకున్నా.

మీ పదకొండేళ్ళ ఆయన రోజూ కల్లోకి వస్తున్నాడు. ఏం మాట్లాడడు.

దయచేసి రాకండి. సూటు బాగుంటుందని నాకు నమ్మకమే. కానీ ఆమె విమానం దిగిన రోజు ఎవరితోనూ బాగుండదు.

క్షమించండి,
లోరెడానా స్కోర్దో

తా.క. ఇంట్లో స్టాంపులు అయిపోయాయి. అలాగే డబ్బాలో వేసేస్తున్నాను, అర్జెంట్ అని రాశానుగా.


కోబర్గ్
1 సెప్టెంబర్, బుధవారం సాయంత్రం

ఏమయ్యా పెల్లికానో,

నేను ఇమ్మకొలాతా స్కోర్దోని. అసలుదాన్ని. నాకు చదవడం, రాయడం రాదు. నేను చెప్తుంటే ఈ పిల్లే రాస్తోంది. దస్తూరీ నీకు తెలిసిందే, ఈసారి మాటలు నావి. ఏడిస్తే సిరా చెదురుతుందే అన్నాను. ఇప్పుడు చేత్తో ముక్కు తుడుచుకుంది. అదీ రాయమన్నాను. రాసింది.

శనివారం ఒక రోజంతా విమానంలో కూర్చుని, కాళ్ళు గుమ్మడికాయల్లా వాచి, ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటున్నాను. గుమ్మంలో నీలం సూటు, ఒక చెల్లెలు, బుట్టెడు బాదంపప్పులు. "నీ నాలుగు గంటల కప్పుకి తోడొచ్చాను" అన్నావు. తలుపు నీ మొహాన వేసినందుకు క్షమాపణ చెప్పను. పప్పులు వరండా అంతా దొర్లాయి, మా అబ్బాయి ఇప్పటికీ జారిపడుతున్నాడు. ఈ పిల్ల ఆఖరి ఉత్తరం నీకు సోమవారం అందిందట. స్టాంపు లేకుండా వేస్తే అంతే మరి.

మోకా సంగతి. కోపం ఎంత వస్తుందని అడిగిందట కదా. వచ్చింది. రెండు గంటలు అరిచాను. తర్వాత ఆకలేసింది. కొత్తది కొన్నాం. మొదటి మూడుసార్లు పెట్టిన కాఫీ పారబోయించాను, పద్ధతి ప్రకారం. ఇక రోజూ పొద్దున స్కూలుకి వెళ్ళే ముందు ఈ పిల్లే కాఫీ పెట్టాలి, ఇదే నీళ్ళతో కడగాలి. ముప్పై ఎనిమిదేళ్ళు. దీనికి యాభై మూడేళ్ళొచ్చేసరికి కుండ లోపల మళ్ళీ నల్లగా అవుతుంది. "మరి పెళ్ళయితే?" అంటోంది. మొగుణ్ణి కూడా పొద్దున్నే వెంటబెట్టుకు రావే.

కుండ పోతే ఇంకో కుండ. నేను మన్నించలేనిది ఇంకోటి. నా పేరున, నాలుగింటికి, పెద్ద కప్పులో, చాక్లెట్ పొడి! నీ చెల్లెలు ఊరంతా చెప్పింది. ఆదివారం చర్చిలో ముగ్గురు ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని, "అంతా బాగానే ఉందా ఇమ్మకొలాతా? ఇంట్లోవాళ్ళు బాగా చూసుకుంటున్నారా?" అని అడిగారు. మొగుడు పోయినప్పుడు కూడా నన్ను అంత జాలిగా ఎవరూ చూడలేదు. నాకు పాలు పడవని, పదకొండు దాటాక వాసన కూడా పడదని నీ చెల్లెలితో వచ్చే ఆదివారం అందరికీ చెప్పించాలి. గట్టిగా.

మీసాల గురించి రాసిందట. ఉన్నాయి. నీకు లేవు.

నువ్వు వరండాలో వదిలేసి పరిగెత్తిన లివరు మిషన్‌ని మేం ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే ఆ లివరు పైకెగిరి సెయింట్ ఆంథనీ బొమ్మకి తగిలింది. ఆయన ముక్కు అతికించాం. దాన్ని పట్టుకుపోయి మీట నొక్కేది తీసుకురా. నలభై ఏళ్ళు ఒక మగవాణ్ణి కిందికి నొక్కిపట్టి ఉంచాను, చెయ్యి వదిలితే చాలు పైకి లేచేవాడు. మళ్ళీ ఆ పని నావల్ల కాదు.

తొందరేం లేదు. రేపు తెచ్చినా చాలు. సూటు వద్దు, వెనక సందులోంచి రా.

నాకు సంతకం రాదు. ఈ పిల్ల చేత్తో రాసింది నువ్వు నమ్మవు కాబట్టి, నా కప్పు అడుగుతో ముద్ర వేస్తున్నాను.

ఇమ్మకొలాతా స్కోర్దో

తా.క. పెల్లికానో గారూ, ఇది లోరెడానా. నోన్నా ఫోనెత్తడానికి వెళ్ళింది. ఆ ముద్ర చిన్న ఎస్ప్రెస్సో కప్పు అడుగు కంటే చాలా పెద్దగా ఉందని మీకు అనిపిస్తుంది. దయచేసి ఆ మాట మీ జవాబులో రాయకండి. దాన్ని ఆమెకి గట్టిగా చదివి వినిపించాల్సింది నేనే.