నూట పద్దెనిమిది మిల్లీమీటర్లు

జులై 9
నీటి సరఫరా ఆఫీసులో నా సంతకంతో మొదటి రిపోర్ట్. వాతావరణ ఆఫీసు మూడేళ్ల ఫోర్‌కాస్ట్ ఒక పక్క, రిజర్వాయర్ పైన కొండ మీద వాన కొలిచే రెయిన్ గేజ్ రిజిస్టర్ ఇంకో పక్క. కంప్యూటర్‌లో వేసి చూస్తే ఎనభై నాలుగు శాతం మ్యాచ్. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అని సరదాకి అన్నాను. ఆ సామెత ఈ గదిలో అనొద్దన్నారు ఇంజనీరు గారు. వచ్చే వారం పెద్ద వాన అంటోంది ఫోర్‌కాస్ట్. నాలుగు రోజులకోసారి వదిలే నీళ్లు రేపట్నుంచి రోజు విడిచి రోజు. ఆర్డర్ కింద నా రిపోర్ట్ నంబరు వేశారు.

జులై 10
కింద వాటాలో టీచరమ్మ బకెట్లన్నీ బయట పెట్టుకుని తోమింది. నాలుగు నెలలకి తలారా నీళ్లు పోసుకున్నానంది. ఆ నీళ్లేవో నేను మోసుకొచ్చినట్టు నా చెయ్యి పట్టుకుంది. గర్వంగానే ఉంది. దాచడమెందుకు.

జులై 15
వాన లేదు.

జులై 18
మబ్బు పట్టింది, పోయింది. రిజర్వాయర్ పదకొండు అడుగుల నుంచి ఏడుకి దిగింది.
మామయ్యకి ఫోన్ చేశాను. కొండ మీది గేజ్ చూసేది మా మేనమామే, ఇరవై రెండేళ్లుగా. నిన్న అక్కడ పదిహేడు మిల్లీమీటర్లు పడిందన్నాడు. కొండ మీద పడితే ఆ నీళ్లు రిజర్వాయర్‌లోకి రావాలి కదా అన్నాను. ఎండిన నేల, తాగేసి ఉంటుందిలే అన్నాడు.
కావచ్చు. పదిహేడూ తాగేస్తుందా?

జులై 19, మధ్యాహ్నం 3
ఇది ఇప్పుడే రాసుకోవాలి.
పొద్దున మళ్లీ రిజిస్టర్ ముందేసుకున్నాను. ఈసారి శాతం కోసం కాదు, మ్యాచ్ కాని రోజుల కోసం. మొదటి ఏడాది నిండా ఉన్నాయి. తర్వాతి రెండేళ్లలో వెతికితే పెద్ద తేడా ఒక్కటే. పోయిన సెప్టెంబర్ 4. ఫోర్‌కాస్ట్ 12, రిజిస్టర్ 118.
నూట పద్దెనిమిది! అంత పడితే కొండ రోడ్డు కొట్టుకుపోవాలి. ఆ రోజు నాకు బాగా గుర్తు. అక్కావాళ్లు ఇల్లు మారారు. పరుపులు టాపు లేని వ్యాన్‌లో వేసి తీసుకెళ్లాం. ఎండకి నా మెడ కమిలిపోయింది. రిజర్వాయర్ లెవెల్ బుక్ తీశాను. ఆ రోజు అంగుళం తగ్గింది.
వాతావరణ ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడి గుమాస్తా పాత ఫైలు చూసి నవ్వాడు. ఆ పొద్దున పన్నెండు కొట్టబోయి నూట ఇరవై కొట్టారట. గంటలో సరిచేశారట.
ఆ గంటలోనే ఎవరో చూసి 118 రాశారు.
ఎవరో ఏంటి. ఆ ఎనిమిది నాకు తెలుసు. ఒక సున్నా మీద ఇంకో సున్నా కూర్చోబెట్టినట్టు ఉంటుంది. నాకు అంకెలు దిద్దించింది ఆ చెయ్యే.

జులై 20
మొదటి బస్సుకి వెళ్లాను. మామయ్య ఇల్లు కొండ కిందే. ఇంట్లోకి వెళ్లకుండా ముందు పైకెక్కాను. తొంభై ఆరు మెట్లు. గేజ్ తాళం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. వాన నీళ్లు పట్టే గరాటు నిండా ఎండుటాకులు, వాటి మీద పక్షిగూడు. పిట్టలు ఎగిరిపోయి ఎన్నాళ్లయిందో. గరాటు శుభ్రం చేశాను, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి.
దిగేసరికి మామయ్య కర్ర పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. నేను అడక్కముందే చెప్పాడు.
"తుంటి విరిగాక ఎక్కలేకపోయానమ్మడూ. రెండేళ్లయింది. చదువుకున్నవాళ్లు చెప్పేది అబద్ధమవుతుందా అని, వాళ్లు చెప్పిందే రాశాను. ఒకటో రెండో తగ్గించి."
తగ్గించడమెందుకన్నాను. మరీ అచ్చుగుద్దినట్టుంటే అనుమానపడతారుగా అన్నాడు.
అంటే చేసేది తప్పని తెలుసు.
మేం ఫోర్‌కాస్ట్‌ని ఫోర్‌కాస్ట్‌తోనే సరిచూశాం. మ్యాచ్ కాక ఏమవుతుంది? దాన్ని నమ్మి ఊరి నీళ్లు వదిలేశాం.
ఆయన ఫోన్ బల్ల మీద ఉంది. మంచంలో ఉన్నప్పుడు కాలక్షేపానికని కొనిచ్చింది నేను. ఫోర్‌కాస్ట్ ఎక్కడొస్తుందో ఆయన వేలు పట్టుకుని నొక్కించిందీ నేనే.

జులై 21
ఇంజనీరు గారికి చెప్పేశాను. మా మేనమామ అని కూడా. నిజంగా కొలిచిన మొదటి ఏడాది ఒక్కటే తీసి లెక్క వెయ్యమన్నారు. యాభై నాలుగు శాతం. బొమ్మా బొరుసూ వేసుకున్నా అంతే వచ్చేది.
తిడతారని నిలబడ్డాను. కళ్లజోడు తీసి తుడిచారు. "శాతం లెక్క కావాలని కూర్చుంది నేను. కొండెక్కి చూడాలని నాకు మాత్రం తోచిందా" అన్నారు. తిట్టినా బాగుండేది.
నీళ్లు ఇక వారానికోసారి.

జులై 23
ప్రసూతి ఆసుపత్రిలో నీళ్లు లేక ఆపరేషన్లు వాయిదా వేస్తున్నారు. టీచరమ్మ మెట్ల మీద ఎదురై తల తిప్పుకుంది.

జులై 25
మామయ్యని తీసేశారు. రిజిస్టర్ పట్టుకెళ్లారు. ఆయన జాగాలో ఇంకా ఎవర్నీ వెయ్యలేదు. అత్తయ్య ఫోన్ చేసింది. ఎవరితోనూ మాట్లాడ్డం లేదట, ఒక్క పూటే తింటున్నాడట. నన్నేమైనా అన్నాడా అని అడిగాను. ఏమీ అనలేదంది.

ఆగస్టు 2
పొద్దున్నే మామయ్య ఫోన్. తెల్లవారుజామున కొండ మీద వాన పడిందట. పంతొమ్మిదట. ఇక్కడ రోడ్డు మీద దుమ్ము లేస్తోంది. ఫోర్‌కాస్ట్ సున్నా. నమ్మనన్నాను. అవును, ఆయనతోనే అనేశాను. వచ్చి చూసుకోమని పెట్టేశాడు.
బస్సు దిగితే చెప్పులు బురదలో దిగబడ్డాయి. ఇంట్లో లేడు. కొండ మీద, చివరి మెట్టు దగ్గర కూర్చుని ఉన్నాడు. పాక్కుంటూ ఎక్కినట్టున్నాడు, దిగలేకపోయాడు. తాళం రాయితో పగలగొట్టాడేమో, వేళ్లు చెక్కుకుపోయాయి. రెండు చేతుల మధ్య కొలిచే గాజు గ్లాసు. నీళ్లు పారబొయ్యలేదు.
"నువ్వు చదువు" అన్నాడు.
పంతొమ్మిది.