రెండుంబావు గంటల విమానం, పది గంటల దారి

గ్రేటర్ నోయిడా

చెల్లి రమణమ్మకు అన్నయ్య సింహాచలం దీవెనలు.

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, తప్పులూ పోతాయి. ఏమీ అనుకోకుండా కూడబలుక్కుని చదువుకో. ఫోన్‌లో నాకు మాట పెగలదని నీకు తెలుసు. నువ్వు, బావగారు, పిన్ని కులాసాగా ఉన్నారనుకుంటాను. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ చలి మొదలైంది. పొద్దున్నే వేళ్ళు కొంకర్లు పోతాయి గాని, మెస్‌లో నా పని పొయ్యి దగ్గరే కాబట్టి పర్వాలేదు. నిజంగా బాగానే ఉన్నాను.

మొన్న ఫోన్‌లో, "ఈ వయసులో అంత దూరం నుంచి ఏటొస్తావు అన్నయ్యా, గౌరి గంప మన చిన్నాన్న కొడుకు రాజు ఎత్తుతాడులే" అన్నావు. నేను ఊఁ అన్నాను. అనకుండా ఉండాల్సింది. పెళ్ళికూతురు గౌరిని గంపలో కూర్చోబెట్టి పీటల మీదకు తేవాల్సింది మేనమామ. నీ పెద్దమ్మాయి పెళ్ళికి నా రైలు పొగమంచులో ఆగిపోయి, నేను దిగేసరికి తాళి కట్టడం అయిపోయింది. ఈసారి అలా కానివ్వను.

విమానంలో వస్తున్నాను. మెస్‌లో తినే అనకాపల్లి పిల్ల సౌజన్య ఫోన్‌లో చూసి చెప్పింది. ఢిల్లీ విమానాశ్రయం నుంచి విశాఖ విమానాశ్రయానికి పదమూడు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకట. రైలుకి రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది కదా, విశాఖ ఇటు జరిగిందా అన్నాను.

"రైలు ఊళ్ళన్నీ పలకరించుకుంటూ పోద్ది తాతా, విమానం తిన్నగా పోద్ది. రెండుంబావు గంటలే."

అయితే పెళ్ళిరోజు పొద్దున్న టిఫిన్లు వడ్డించి బయల్దేరినా సాయంత్రం ముహూర్తానికి తీరిగ్గా అందుకుంటానన్నాను.

"విమానం మన మెస్ గుమ్మంలో ఆగుద్దేటి తాతా?" అని పడీపడీ నవ్వింది.

అందుకని సెలవు రోజున వాచీ పెట్టుకుని వెళ్ళి చూసొచ్చాను. బస్సు, ఒక మెట్రో, ఇంకో మెట్రో, రెండు ముప్పావు గంటలు పట్టింది. గుమ్మంలో తుపాకీ అతను "బాబా, టికెట్ దిఖావో" అన్నాడు. "ఆజ్ నహీ, అగ్లే మహీనే" అన్నాను, ఇవాళ కాదు వచ్చే నెల అని. అతనూ నవ్వాడు. రెండు గంటల ముందే లోపలికెళ్ళాలట. విశాఖలో దిగి, సామాను తీసుకుని, బస్సెక్కి మనూరు చేరేసరికి మొత్తం పది గంటలు. పొగమంచుకి విమానాలూ ఆగుతాయట. అందుకే పెళ్ళికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం విమానానికి టికెట్ తీయించాను. ఓనరు మొహం చిట్లించాడు. సెలవివ్వకపోతే మానేస్తానన్నాను. నేనే అన్నాను చెల్లీ. ఇచ్చాడు.

బియ్యం బస్తాలు ఎత్తి చూసుకుంటున్నాను. పాతిక కిలోలది లేస్తోంది. యాభైది నడుం దాటి రావడం లేదు. నీ మాటలో తప్పు లేదు, ఒక్కణ్ణే ఎత్తలేను. రాజుని వెనక పక్క పట్టుకోమను. ముందు పక్క మాత్రం నాది.

పిన్నికి నా నమస్కారాలు, ఆవిడ దీవెన నాకు కావాలి. బావగారిని అడిగానని చెప్పు. గౌరికి ముద్దులు.

ఈ సంగతి రాజుకి ఇవాళే చెప్పేయి. చెప్పానని ఒక్క ముక్క వెంటనే రాయి.

నీ అన్నయ్య
సింహాచలం