బావ గురించి రాయని వార్త

తెలుక్ ఆన్సన్, మలయా, ఆగస్టు 1957, శనివారం

అడవిలో కమ్యూనిస్టుల పోరు వల్ల సాయంత్రం నుంచి కర్ఫ్యూ కాబట్టి అక్కను మధ్యాహ్నం ఆటకే తీసుకెళ్లాను. జపాన్ సినిమా అని ముందుగా చెప్పలేదు. ఎస్టేట్ గుమాస్తాగా ఉన్న బావను యుద్ధకాలంలో సయాం రైలు దారి పనికి పట్టుకుపోయింది ఆ జపాన్ వాళ్లే. ఆయన తిరిగి రాలేదు. అయినా అక్క లేచి వెళ్లలేదు. తెర మీద మంచు కురుస్తుంటే, "అదేటి తమ్ముడూ, దూదా?" అంది.

కథలో ఒక ముసలి గుమాస్తా, చావు దగ్గరపడిందని తెలిసి, ఒక్క మంచి పని చేసి పోతాడు. ఆ తర్వాత జనం అతని గురించే చెప్పుకుంటారు.

స్వాతంత్ర్య పండగకి కట్టిన మెర్డేకా తోరణాల కింద బస్సు కోసం నిలబడ్డప్పుడు అక్క అంది: "ఆ ముసిలోడి గురించి అందరూ మాటాడినారు. మీ బావ గురించి నీ పేపర్లో ఒక్క ముక్కా రాయలేదు నువ్వు."

"ఎప్పుడు పోయినాడో రుజువు లేదు కదక్కా. ఏటని రాస్తాను?"

"పోయింది నాకూ తెల్దు. బతికింది తెలుసు. అది రాయి, లా!" అంది, ఇక్కడి మలాయ్ ఊతపదం కలిపి.

బస్సులో చెబుతూనే ఉంది. కిటికీ బయట రబ్బరు చెట్లు తెర మీద బొమ్మల్లా జారిపోతున్నాయి. బావ కూలీలకు ఊరి ఉత్తరాలు చదివి పెట్టేవారట.

"ఉత్తరం రానోలికి తెల్ల కాయితం సేత్తో పట్టుకుని సదివేవోడు. మీ అమ్మ కులాసా, గేదె ఈనింది అని!" అక్క నవ్వింది.

పచ్చి అబద్ధాలు. అయినా నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఇప్పుడు బావ గురించి వార్త మొదలుపెట్టాను. పేపర్లో ఇలాంటి వార్త మొదటి వాక్యం "మరణించారు" అని ముగియాలి. "చదివేవారు" అని ముగించాను.