ఒళ్ళు చేసిందని మురిసిపోవద్దు

చెన్నై

ప్రియమైన కరుణక్కకి,

ప్రభువు పేరిట వందనాలు చెప్పి నీ చెల్లెలు సువార్త రాసేది. నువ్వు, బావ, జ్యోతి, అమ్మ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నేను బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పెట్టుకోవద్దు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటా అనుకుంటావు. నువ్వు ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడతావు, పక్కన నీ కూతురు జ్యోతి ఉంటుంది. ఇది నువ్వొక్కదానివే చదవాలి.

ఇక్కడి ఎండ మన వైపు ఎండలా కాల్చదు గానీ ఒంటికి అతుక్కుని వదలదు. హాస్టలు భోజనంలో కారమన్న మాటే లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త పండుమిరప పచ్చడి పంపు. మనసు విప్పి మాట్లాడే మనిషి లేదు. ఆదివారం తెలుగు ఆరాధన జరిగే చర్చి ఒకటి దొరికింది, ఆ కాసేపూ ఇంట్లో ఉన్నట్టుంటుంది. నిజంగా బాగానే ఉన్నాను.

ఆసుపత్రిలో నా డ్యూటీ వార్డు నుంచి స్కానింగు గదికి మార్చారు. పేగుల్లో వాపు జబ్బున్న వాళ్ళకి ఒంట్లో కొవ్వెంత, కండెంత అని అక్కడ విడివిడిగా కొలుస్తారు. మనిషిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెడితే, పైనుంచి యంత్రం చెయ్యి తల నుంచి కాళ్ళ దాకా నెమ్మదిగా జరుగుతుంది. నొప్పేమీ ఉండదు. గాజులూ మొలతాడూ తీయించి, కదలొద్దని చెప్పి, అయ్యాక లేవమనడం నా పని. తర్వాత తెర మీద బొమ్మ వస్తుంది. కొవ్వు పసుపు, కండ ఎరుపు.

మొన్న వినుకొండ నుంచి ఒకావిడ పెళ్ళీడు కొడుకుని తీసుకొచ్చింది. మన మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. అబ్బాయికి బుగ్గలు నిండుగా ఉన్నాయి, పొట్ట కూడా వచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"తిండి బాగానే తింటన్నాడమ్మా, ఒళ్ళు కూడా చేశాడు. ఇంక ఈ కొలతలెందుకు?"

అది అమ్మ గొంతే అక్కా.

బొమ్మలో పొట్ట చుట్టూ పసుపు. తొడల్లో, భుజాల్లో ఎరుపు పలచగా ఉంది. ఈ జబ్బుకి వాడే స్టెరాయిడ్ మాత్రలకి ముఖం ఉబ్బుతుందట, నీరు చేరుతుందట, కొవ్వు పెరుగుతుందట. లోపల కండ కరిగిపోతున్నా బరువు మాత్రం అంతే చూపిస్తుందట. డాక్టరుగారు ఇంగ్లీషులో చెప్పినదంతా ఆమెకి తెలుగులో చెబుతుంటే నా గొంతు నాకే వేరేగా వినిపించింది.

మన తమ్ముడు దానియేలు అవే మాత్రలు వాడాడు కదా. ఆ ఏడు కల్లంలో మిరపకాయల టిక్కీ బస్తాలు తూచడం అయ్యాక, ఎప్పటిలాగే అందరం ఒకరి తర్వాత ఒకరం కాటా ఎక్కాం. వాడి బరువు ముందటేడు ఎంతో అంతే ఉంది. ఇంక జబ్బు పోయినట్టేనన్నాడు నాన్న. కాయలు ఏరే ఆడవాళ్ళంతా వాడి బుగ్గలు చూసి నిండుగా అయ్యాడన్నారని అమ్మ, పాస్టరుగారికి తెలియకుండా, ఎండుమిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు, ఎంత దిష్టి ఉందో చూడండంది. ఆ వారంలోనే వాడు మాత్రలు మానేశాడు. బాగైనవాడికి మందులెందుకనుకున్నాం. వానలు పడేనాటికి వాడు లేడు.

ఇప్పుడు బల్ల మీద ఎవరు పడుకున్నా దుప్పటి కింద వాడి పాదాలే కనిపిస్తున్నాయి. గది ఖాళీగా ఉన్నప్పుడు దుప్పటి సర్దుతుంటే, "అక్కా, ఇంక లేవనా?" అని అడిగినట్టుంటుంది. భయం లేదు. వాడికి లేవమని ఎవరూ చెప్పలేదేమోననిపిస్తుంది.

ఇక అసలు సంగతి. జ్యోతికీ అదే జబ్బు, అవే మాత్రలు. అది ఒళ్ళు చేసిందని, కాటా ఎక్కిస్తే బరువేమీ తగ్గలేదని, ఇక మాత్రలు చాలేమోనని మొన్న ఫోన్లో ఎంత సంబరంగా చెప్పావు! సరేసరేనని పెట్టేశాను. ఆ తర్వాత అన్నం సయించలేదు. నీ కాళ్ళు పట్టుకుంటాను అక్కా, డాక్టరు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా మాన్పించవద్దు. అవి ఉన్నపళంగా ఆపకూడదు. దాన్ని ఇక్కడికి తీసుకురా, బల్ల మీద నేనే పడుకోబెడతాను. కండ బాగానే ఉందని తేలితే అంతకంటే ఏం కావాలి? తగ్గిందని తేలినా, ఇప్పుడే చూసుకుంటే తిండీ మందులూ మార్చి నిలబెట్టుకోవచ్చంటున్నారు.

అమ్మ అడ్డుపడుతుంది, బిడ్డ నిండుగా ఉంటే ఆసుపత్రెందుకంటుంది. నన్ను చూడటానికి వస్తున్నామని చెప్పు. ఈ ఉత్తరం ఆమెకి చదివి వినిపించవద్దు. కొడుకుని ఊరి కళ్ళే తిన్నాయని ఇన్నాళ్ళూ నమ్ముకుని బతుకుతోంది. ఆ నమ్మకం కూడా తీసేస్తే ఆమె తట్టుకోలేదు.

బావకి, పాస్టరుగారికి నా వందనాలు. ప్రార్థనలో నన్ను తలుచుకోండి. జ్యోతి ఇవాళ్టి మాత్ర వేసుకుందో లేదో ముందు లేచి వెళ్ళి చూడు. ఈ ఉత్తరం తర్వాత మడుచుకోవచ్చు.

నీ చెల్లెలు
సువార్త