తాళం చెవి నా చేతిలో పెట్టిన డ్రైవరు

అన్నయ్యకు చెల్లెలు రాయునది. నా కాలికి దెబ్బ తగిలిందని ఈపాటికి నీ చెవిన పడే ఉంటుంది. వాపు తీసింది, మొన్న సోమవారం నుంచి పనికి వెళుతున్నాను. మీరెవరూ కంగారుపడకండి.

మన యార్డులో లారీ పక్క తలుపులు దించి, నేల మీద నుంచే ఫోర్క్‌లిఫ్ట్ బండితో సరుకు ఎక్కిస్తాం కదా. ఇక్కడి లారీలు నాలుగు వైపులా మూసిన పెట్టెల్లా ఉంటాయి. లారీ వెనక భాగాన్ని గోదాము గట్టుకు ఆనిస్తే, బండితో సహా మనమే లోపలికి వెళ్ళాలి. ఆ రోజు నేనింకా వెనక్కి వస్తూ ఉండగానే, లోడు అయిపోయిందనుకుని డ్రైవరు లారీ కదిలించాడు. నా బండి వెనక చక్రాలు గట్టుకూ లారీకీ మధ్య సందులోకి దిగబడ్డాయి, ఆ కుదుపుకే కాలికి దెబ్బ తగిలింది.

మేనేజరు ఆయన్ను పనిలోంచి తీసేస్తానన్నాడు. "నేను లోపలున్నానని ఆయనకెవరూ చెప్పలేదండి, ముందు కూర్చుంటే కనపడదు కూడా" అన్నాను. నీ వయసు మనిషి, నాకంటే ఎక్కువ వణికిపోయాడు. నేను తిరిగి పనిలోకి వచ్చిన రోజున లారీ తాళం చెవి నా చేతిలో పెట్టి, "నువ్వు బయటికొచ్చి ఇచ్చేదాకా నేను సీటెక్కనమ్మా" అన్నాడు. ఇప్పుడు డ్రైవర్లందరూ అలాగే ఇస్తున్నారు.

వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడి బూట్లు కరుస్తున్నాయి, అటక మీదున్న నా పాతవి ఎవరైనా ఇటు వస్తుంటే పంపించు. పిల్లలకు ముద్దులు. అన్నయ్యా, నువ్వు కూడా లోడు ఎత్తే ముందు తాళం అడిగి తీసుకో. బండి నేర్పినవాడికే నేర్పుతోందని నవ్వుకున్నా సరే. ఎందుకని ఎవరైనా అడిగితే, మా చెల్లెలు మాట తీసుకుందని చెప్పు.