సుజాత గుడ్డకు గ్రాంటు వచ్చింది

నర్సవ్వా,

మన బిడ్డ గెలిచింది! గాయం మీద వేస్తే నెత్తురు తొందరగా ఆగే గుడ్డ తయారుచేసింది కదా, దానికి సర్కారు గ్రాంటు ఇచ్చింది. ఆసుపత్రులకూ, సరిహద్దులో సిపాయిలకూ పనికొస్తుందట. ఇక మన మరమగ్గం పాత ఇనుములోకి పోదు. కోసాడ్‌లో మన గల్లీ అంతా ఘారీ మిఠాయి పంచాను, మాస్కులు గడ్డం కిందికి లాగి తిన్నారు.

కరోనాలో నువ్వు పోయిననాడు మగ్గం మీద నీ ఎర్రచీర పడుగు కొంచెం మిగిలిపోయింది. సుజాత తెచ్చిన తెల్ల పోగులను ఆ ఎర్ర కొసలకే ముడివేశాను. నువ్వైతే ఒక్క రోజులో వేసేదానివి, నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ అలసటలో, నమూనా పంపేముందు మొదటి జానెడు ఎర్రగుడ్డ కోయడం మరిచాను.

వీడియో కాల్‌లో గ్రాంటిచ్చే ఢిల్లీ సారు ఆ ఎరుపేమిటని అడిగాడు. అంతా పాడుచేశాననుకున్నాను. సుజాత హిందీలో ఏదో చెప్పింది, సారు తలూపాడు.

"ఏం చెప్పినవే?"

"అవ్వ ఆపిన కాడికెళ్లే మొదలువెట్టినమని చెప్పిన బాపూ."

నమూనా వాళ్లే ఉంచుకున్నారు. ఏనాడూ నిన్ను ఈ కోసాడ్ దాటించలేదని నన్ను దెప్పేదానివి. నీ చీర ఇప్పుడు ఢిల్లీలో ఉంది.